హాట్ టబ్‌కి ఏ ఇన్సులేషన్ వేస్తే మంచిది?

ప్రశ్న:
టబ్ ఆరుబయట ఉంది, ప్యానెళ్ల వెనక అంతా ఖాళీ, నీళ్లు 38 డిగ్రీల దగ్గర నిలబెట్టాలంటే హీటర్ ఆగకుండా నడుస్తూనే ఉంటోంది. స్ప్రే ఫోమ్ కొట్టించాలా లేక ఫోమ్ బోర్డులు సరిపోతాయా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

రిప్లై 1:
ముందు మూత చూడండి. వేడి ఎక్కువగా పోయేది పైనుంచే, ఆవిరితో పాటు. మూత బాగా బరువెక్కిందంటే లోపలి ఫోమ్ నీళ్లు పీల్చేసినట్టే, అది మార్చకుండా పక్కల ఎంత ఖర్చుపెట్టినా పెద్ద తేడా రాదు. నీళ్ల మీద తేలే థర్మల్ షీట్ కూడా వేయండి.

రిప్లై 2:
పైన చెప్పింది కరెక్టే. పక్కలకైతే క్లోజ్డ్ సెల్ (లోపలి బుడగలు మూసుకుని ఉండే) స్ప్రే ఫోమ్, అంగుళానికి ఆర్ వాల్యూ (వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత) 6 దాకా వస్తుంది, తడి పెద్దగా పట్టదు, ఓపెన్ సెల్ (బుడగలు తెరుచుకుని ఉండేది) అయితే 3.5 చిల్లర, పైగా నీళ్లు పీలుస్తుంది. కానీ పైపులన్నీ మునిగేలా నింపేయకండి, రేపు లీకేజీ వస్తే ఎక్కడుందో తెలీక మొత్తం తవ్వుకోవాలి, అదో నరకం. నా ఓటు షెల్ (నీళ్లుండే తొట్టి) వెనక రెండంగుళాల స్ప్రే, ప్యానెళ్ల లోపలివైపు ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోమ్) బోర్డులు. గ్లాస్ ఊల్ మాత్రం వద్దు, తడిస్తే దండగ.

రిప్లై 3:
మోటార్‌కి గాలి ఆడే దారి మూసేయకండి, వేడెక్కి ఆగిపోతుంది.

అడిగినవారు:
మూత నిజంగానే బరువెక్కింది, ఇద్దరం పట్టాల్సొస్తోంది. ముందు అదే మారుస్తా, బోర్డుల సంగతి తర్వాత. థ్యాంక్స్ అండి అందరికీ.