కరిగిన కండ మళ్లీ వస్తుందా? కణాలు పుడతాయా?

నకిరేకల్_తాటివనం: నాన్న తాడెక్కుతుంటే మోకు జారి పడ్డాడు. కాలికి ఆరు వారాలు కట్టు. విప్పేసరికి ఎడమ పిక్క సన్నబడిపోయింది, పంచె ఎగగడితే రెండు కాళ్లూ ఇద్దరు మనుషులవిలా ఉన్నాయి. కండర కణాలు విభజన చెంది మళ్లీ పెరుగుతాయా? ఏం తినిపించాలి?

మిర్యాలగూడ_జిమ్: ఎందుకు పెరగవు? పన్నెండేళ్లుగా జిమ్ నడుపుతున్నాను. బరువెత్తితే ఒక్కో కణం రెండవుతుంది. నా జబ్బ 17 అంగుళాలు, వచ్చి కొలుచుకోండి.

వనపర్తి_మాస్టారు: టేపు పెట్టి కణాలు లెక్కపెడతారా? ఎదిగిన కండర పోగు, అంటే పొడవాటి కండర కణం, విభజన చెందదు. ఒక్క పోగులోనే వందల కేంద్రకాలుంటాయి. లావెక్కేది పోగు, పెరిగేది సంఖ్య కాదు.

మిర్యాలగూడ_జిమ్: సుద్దముక్క పట్టుకుంటే కండలు రావు సార్.

వనపర్తి_మాస్టారు: కండలుంటే జీవశాస్త్రమూ రాదు తమ్ముడూ.

దేవరకొండ_పాయ: మేక కాళ్ల పాయ పెట్టండి. నలభై రోజులు.

పాలమూరు_ల్యాబ్: శాటిలైట్ కణాలను ఇద్దరూ వదిలేశారు. 1961లో అలెగ్జాండర్ మారో కప్ప కండరాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి గుర్తించాడు. పోగును అంటిపెట్టుకొని నిద్రపోతుంటాయి. దెబ్బ తగిలితే లేచి అవి విభజన చెందుతాయి, పోగులో కలిసి కొత్త కేంద్రకాలిస్తాయి. కొన్ని మళ్లీ నిద్రలోకి జారుకుంటాయి, రేపటి దెబ్బ కోసం.

మిర్యాలగూడ_జిమ్: చూశారా, నేనన్నదీ అదే!

వనపర్తి_మాస్టారు: కానే కాదు. పైకెళ్లి మీరు రాసింది మీరే చదువుకోండి.

నల్గొండ_గృహిణి: గర్భసంచి గోడలోదీ కండరమే, దాని కణాలు చక్కగా విభజన చెందుతాయి. నాకు తీసేసిన గడ్డలు అలా పెరిగినవేనని డాక్టరమ్మ చెప్పింది. మగవాళ్ల చర్చలో జబ్బలు తప్ప కండరాలే లేవు.

దేవరకొండ_పాయ: పాయలో మిరియాలు దంచి వేయాలి, పొడి కాదు.

సూర్యాపేట_65: నాకు రెండేళ్ల కిందట గుండెపోటు. గుండెకూ ఈ శాటిలైట్లు ఉంటాయా?

పాలమూరు_ల్యాబ్: అలాంటివి లేవు బాబాయ్. అణు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ ఆధారంగా గుండె కణాల వయసు కట్టి 2009లో ప్రకటించారు. పాతికేళ్లప్పుడు ఏడాదికి సుమారు ఒక శాతం కొత్తవి, 75 ఏళ్లకు అందులో సగం కంటే తక్కువ. చచ్చిన చోట మచ్చే మిగులుతుంది. మందులు మానకండి.

మిర్యాలగూడ_జిమ్: మా దగ్గర ప్రోటీన్ పొడి కూడా దొరుకుతుంది.

వనపర్తి_మాస్టారు: అసలు సంగతి ఇదన్నమాట!

నకిరేకల్_తాటివనం: అయ్యా, నాన్న పిక్క?

పాలమూరు_ల్యాబ్: కదలక పోగులు సన్నబడ్డాయి, చావలేదు. కాలిమీద బరువు మోపవచ్చని డాక్టరు చెప్పారా? చెబితే గడప పట్టుకొని మడమలు ఎత్తి దించమనండి. తిండిలో రోజూ గుడ్డు, పప్పు.

నకిరేకల్_తాటివనం: చెప్పారు. కానీ ఆయన రేపే చెట్టెక్కుతానంటున్నాడు.