లాక్‌డౌన్‌లో పక్షవాతం రోగులు ఆస్పత్రికి రాలేదా, రాలేకపోయారా?

తుంగభద్రతీరం (చర్చ ప్రారంభించినవారు):

నేను కర్నూలులో ఫిజియోథెరపిస్టును. పక్షవాతంతో పడిపోయిన చేతులకు, కాళ్లకు మళ్లీ కదలిక నేర్పడం నా వృత్తి. మొన్న ఒక సమావేశంలో ఒక వక్త ‘కరోనా రోజుల్లో జనం భయపడి ఆస్పత్రులకు రాలేదు, అందుకే స్ట్రోక్ (పక్షవాతం) కేసులు తగ్గాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సభలో ఎవరూ మారు మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. తప్పంతా మంచం పట్టినవాడి నెత్తిన పెట్టినట్టు అనిపించింది.

ముందు అంకెలు చూద్దాం. అమెరికాలో 856 ఆస్పత్రుల సమాచారాన్ని 2020 మేలో ప్రచురించారు. స్ట్రోక్ అనుమానంతో మెదడు స్కానింగ్ చేయించుకున్నవారు 39 శాతం తగ్గిపోయారు. ప్రపంచవ్యాప్తంగా 457 స్ట్రోక్ కేంద్రాలను కలిపి లెక్క వేస్తే, మహమ్మారికి ముందటి నాలుగు నెలల్లో 91,373 మంది చేరారు, తరువాతి నాలుగు నెలల్లో 80,894 మంది. అంటే పదకొండున్నర శాతం తక్కువ. మన దేశంలోని పెద్ద ఆస్పత్రుల్లో చేసిన అధ్యయనంలో ఆ తగ్గుదల సగానికి మించిపోయింది. భయం ప్రపంచమంతా ఒక్కటే కదా, మన దగ్గరే ఇంత ఎందుకు పడిపోయింది? మార్చి 25 నుంచి బస్సు లేదు, ఆటో లేదు, రోడ్డు మీద అడుగడుగునా చెక్‌పోస్టు. భయం లేనివాడు మాత్రం ఎలా వస్తాడు?

ఒక మనిషి గురించి చెబుతాను. వేరుశనగ రైతు, వయసు యాభై దాటింది. ఆ ఏప్రిల్‌లో ఒక ఉదయం చేతిలోని టీ గ్లాసు జారిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు మాట వినడం మానేశాయి. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి, పడిపోయిన ఆ చేతి వేలికే ఆక్సిమీటరు తగిలించాడు. 98 చూపించింది. ‘ఆక్సిజన్ బాగుంది, కరోనా కాదు, భయం లేదు’ అని బీపీ మాత్ర ఇచ్చి వెళ్లిపోయాడు. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. మూడో రోజు కూరగాయల బండిలో పట్నం తీసుకువచ్చారు. స్ట్రోక్‌లో నిమిషానికి 19 లక్షల మెదడు కణాలు పోతాయని చదువుకున్నాం. మూడు రోజులకు ఎన్ని పోయాయో గుణించుకోవడానికి నాకు మనసొప్పదు.

జూన్‌లో నా దగ్గరికి వచ్చేసరికి కుడి పిడికిలి బిగుసుకుపోయి ఉంది. గోళ్లు అరచేతిలో దిగి పుండు పడింది. భార్య రోజూ గోరువెచ్చని నీళ్లలో ఆ చేతిని నానబెట్టి, ఒక్కో వేలినీ పైకి లేపి, సందుల్లో గుడ్డ పెట్టి తుడిచేది. ఆ దంపతులను చూసినవాడెవడూ ‘భయపడి రాలేదు’ అనలేడు.

లెక్కలమాస్టారు:

తీరం గారూ, ఆ రైతు గురించి చదివి మనసు కలుక్కుమంది. అయినా రెండు అభ్యంతరాలు చెప్పాలి.

మొదటిది, మీరు పక్కపక్కన పెట్టిన అంకెలు పోల్చదగినవి కావు. ప్రపంచ లెక్క నాలుగు నెలలది, అందులో రాకపోకలు నడిచిన దేశాలూ ఉన్నాయి. మన లెక్క పెద్ద నగరాల్లోని పెద్ద ఆస్పత్రులది. అక్కడికి మామూలు రోజుల్లో జిల్లాల నుంచి పంపిస్తేనే రోగులు వస్తారు. ఆ పంపడం ఆగిపోతే పెద్ద ఆస్పత్రిలో సగం పడకలు ఖాళీ అవుతాయి. వాళ్లలో కొందరైనా దగ్గరలోని ఆస్పత్రిలో చేరి ఉంటారు. వాళ్లు ఈ లెక్కలోకి రారు.

రెండోది, జబ్బే కొంత తగ్గి ఉండవచ్చు కదా? జలుబు, ఫ్లూ లాంటి అంటువ్యాధుల తరువాత కొన్ని రోజులపాటు స్ట్రోక్ ముప్పు పెరుగుతుందన్నది తెలిసిన విషయమే. ముఖానికి గుడ్డ కట్టుకుని ఇంట్లో కూర్చోవడంతో ఆ అంటువ్యాధులు బాగా తగ్గాయి. గాలి కాలుష్యమూ తగ్గింది, అది కూడా స్ట్రోక్‌కు ఒక కారణమే. ‘రాలేకపోయారు’ అని తీర్పు చెప్పే ముందు ‘అసలు ఎంతమందికి వచ్చింది’ అని అడగాలి కదా.

రాత్రిడ్యూటీ:

నేను ప్రభుత్వ బోధనాస్పత్రి క్యాజువాలిటీలో నర్సును. మాస్టారు అడిగిన ప్రశ్నకు నా దగ్గర లెక్క లేదు. కానీ వచ్చినవాళ్లకు ఏమైందో చూశాను.

మా గేటు దగ్గర రెండు వరుసలు ఉండేవి, జ్వరం ఉన్నవాళ్లకు ఒకటి, లేనివాళ్లకు ఒకటి. ఏ వరుసలో నిలబెట్టాలో తేలేవరకు ఎవరినీ లోపలికి పంపకూడదు. ఒక రాత్రి రెండు గంటలప్పుడు ఒకాయన వచ్చారు, వయసు నలభై ఎనిమిది. మాస్కు కళ్ల కింది దాకా ఉంది. కళ్లు తిరుగుతున్నాయని చెప్పారట. జ్వరం చూశాం, లేదు. కుర్చీలో కూర్చోబెట్టాం. నేను పీపీఈ కిట్‌లో ఉన్నాను, నా కళ్లద్దాలకు ఆవిరి పట్టింది. ఆయన మాట ముద్దగా వస్తోంది. మాస్కు వల్లే అనుకున్నాను. చాలాసేపటికి దాహం వేసి మాస్కు కిందికి లాగి నీళ్లు తాగబోయారు. ఎడమ పెదవి చివర నుంచి నీళ్లు కారిపోయాయి. అప్పుడు చూశాను, మూతి వంకర పోయి ఉంది.

అడిగితే, చెయ్యి బరువెక్కి మూడు గంటలైందని భార్య చెప్పారు. అంటే వాళ్లు భయపడలేదు, సమయానికే వచ్చారు. కానీ సీటీ గదిలో అంతకుముందే కోవిడ్ అనుమానితుడికి స్కాన్ చేశారు, గది శుభ్రం చేసి ఆరేదాకా ఎవరినీ పంపరు. తలలో రక్తస్రావం లేదని సీటీ తేల్చకుండా, మెదడు రక్తనాళంలోని గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వకూడదు. దాన్ని సాధారణంగా స్ట్రోక్ మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. స్కాన్ పూర్తయ్యేసరికి నాలుగున్నర గంటలు దాటాయి. ఇంజెక్షన్ ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది.

ఆ గేటు దగ్గర పనిచేసినవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. మాకూ ఇంట్లో చిన్నపిల్లలున్నారు, మాకూ భయమే. తీరం గారు దారులు మూసేశారంటున్నారు. మా తలుపు తెరిచే ఉంది, కానీ అందులోంచి లోపలికి రావడానికి గంటన్నర పట్టింది.

తెనాలిఅబ్బాయి (అట్లాంటా):

అమ్మ తెనాలిలో ఒంటరిగా ఉండేది. 2020 మేలో ఒక రోజు వీడియో కాల్‌లో ఫోను పక్కకు వాలిపోయి ఉంది. ‘నిటారుగా పట్టుకో అమ్మా’ అన్నాను. పట్టుకునే ఉన్నానంది. ఆ ‘ఉన్నాను’ సగంలో చెదిరిపోయింది. అప్పటికి అంతర్జాతీయ విమానాలు ఆగి రెండు నెలలు.

పక్కింటివారికి ఫోను చేశాను. ముప్పై ఏళ్ల స్నేహం, పండక్కి అరిసెలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు. ఆయన గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయారు. ‘బాబూ, లోపలికి వెళ్తే మా అపార్టుమెంటువాళ్లు నన్ను రానివ్వరు’ అన్నారు. ఆయన గొంతు వణకడం నాకు ఫోనులో వినిపించింది. 108 వచ్చేదాకా నలభై నిమిషాలు ఆయన గుమ్మంలోనే నిలబడి ‘అక్కయ్యా, నేనిక్కడే ఉన్నాను’ అంటూ ఉన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు.

ఆస్పత్రిలో అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: చివరిసారి ఆమె మామూలుగా ఉన్నట్టు ఎవరు, ఎప్పుడు చూశారు? దాన్నిబట్టే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది నిర్ణయిస్తారట. పనిమనిషి రావడం మానేసింది. పాలవాడు ప్యాకెట్టు బయటే పెట్టి వెళ్తున్నాడు. నేను ముందురోజు రాత్రి మాట్లాడాను, అంతే. మామూలు రోజుల్లోనైతే పొద్దుటి నుంచి నలుగురైనా ఆమె ముఖం చూసేవారు.

అందుకే ‘రోగికి భయం’ అన్న మాటతో నేనూ ఏకీభవించను. కానీ భయమే లేదంటే మాత్రం ఒప్పుకోను. అది రోగి చుట్టూ ఉంది.

లెక్కలమాస్టారు:

ఇద్దరి అనుభవాలూ చదివాక మరికొంత వెతికాను. నా రెండో అభ్యంతరాన్ని చాలావరకు వెనక్కి తీసుకుంటున్నాను.

జబ్బే తగ్గి ఉంటే చిన్న స్ట్రోకులు, పెద్ద స్ట్రోకులు ఇంచుమించు ఒకే పాళ్లలో తగ్గాలి. చాలా దేశాల్లో చిన్నవే ఎక్కువగా తగ్గాయి. అరగంట మాట తడబడి సర్దుకున్నవాళ్లు, వేళ్లు తిమ్మిరెక్కినవాళ్లు ఇంట్లోనే ఆగిపోయారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో తొలి విడతలో ఇళ్లలో సంభవించిన గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు దాదాపు మూడో వంతు పెరిగాయి. ఆస్పత్రి లెక్కలోకి రానివాళ్లలో కొందరు ఇక్కడ తేలారు. పైగా కోవిడే రక్తం గడ్డకట్టిస్తుంది. న్యూయార్క్ ఆస్పత్రుల్లో పోల్చి చూస్తే ఫ్లూ రోగుల్లో 0.2 శాతానికి స్ట్రోక్ వచ్చింది, కోవిడ్ రోగుల్లో 1.6 శాతానికి. అంటే ఒకవైపు తగ్గినది మరోవైపు పెరిగి ఉండాలి.

కానీ తీరం గారూ, అమెరికాలో అంబులెన్సులు ఆగలేదు, ఆస్పత్రికి వెళ్లే కారుకు మనలా అడుగడుగునా చెక్‌పోస్టులు లేవు. అయినా 39 శాతం తగ్గింది. మూసిన రోడ్లతోనే అంతా జరిగిందంటే ఆ 39కి జవాబు లేదు. దానికి భయం అన్న మాట వాడక తప్పదు.

తుంగభద్రతీరం:

మాస్టారూ, ఆ 39 దగ్గర నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. ఎవరికి ఫోను చేసినా ముందు దగ్గు వినిపించేది, తరువాత జాగ్రత్తలు. ‘బయటికి రావద్దు’ అని టీవీలో, మైకులో, గోడల మీద రోజంతా చెప్పాం. ‘చెయ్యి పడిపోతే మాత్రం వెంటనే రండి’ అని మా జిల్లాలో ఒక్క మైకులోనూ నేను వినలేదు. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ చివర్లోనే ప్రభుత్వ ఆరోగ్య సేవ ప్రత్యేకంగా ప్రచారం మొదలుపెట్టి, అత్యవసరమైతే ఆస్పత్రికి రమ్మని పిలిచింది. అమెరికాలో హృద్రోగ సంఘం కూడా అలాంటి పిలుపే ఇచ్చింది. మనం సగం సందేశమే చెప్పాం. రైతు భార్య ఆ సగాన్ని అక్షరాలా పాటించింది.

సరిహద్దు సంగతి కూడా మరిచిపోకండి. 2021 మేలో కర్నూలు నుంచి హైదరాబాద్ వెళ్లే అంబులెన్సులను ఆంధ్ర-తెలంగాణ సరిహద్దులోని పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆపేశారు, హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. వాటిలో ఎక్కువమంది కోవిడ్ రోగులే, నిజమే. కానీ ఆ వార్త టీవీలో చూసిన స్ట్రోక్ రోగి ఇంట్లోవాళ్లు బండి కట్టించుకుంటారా?

పల్నాటిపిల్ల:

చర్చ మధ్యలో వచ్చినందుకు మన్నించండి. మా నాన్నకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. రేపు మళ్లీ ఇలాంటి రోజులు వస్తే మేము ఏమి చేయాలి?

రాత్రిడ్యూటీ:

మూతి వంకర పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా ఆ క్షణం గడియారం చూసి టైము కాగితం మీద రాయండి. 108కు ఫోను చేసి ‘పక్షవాతం’ అన్న మాట వాడండి. నీరసం, కళ్లు తిరగడం అని చెబితే మేము ఆ రాత్రి చేసినట్టే కుర్చీలో కూర్చోబెడతారు. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రి మీ ఊరికి ఎంత దూరమో ఈ రోజే తెలుసుకోండి. నాలుగున్నర గంటలు దాటినా ఆగిపోవద్దు. పెద్ద రక్తనాళంలో గడ్డ ఉంటే, సరైన రోగిని ఎంచుకుని, 24 గంటల వరకు తీగతో దాన్ని బయటికి లాగే చికిత్స ఉంది. తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాన్నగారి బీపీ మాత్రలు నెలరోజులకు సరిపడా ముందే తెచ్చిపెట్టుకోండి. ఆ ఏప్రిల్‌లో మా దగ్గరికి వచ్చిన చాలామంది మాత్రలు అయిపోయి వారం పది రోజులైందని చెప్పారు.

ఆ నలభై ఎనిమిదేళ్ల ఆయన వచ్చిన మర్నాడు గేటు దగ్గరి బల్ల మీద ఒక కాగితం అతికించాం: ‘రెండు నిమిషాలు మాస్కు తీయించి, పళ్లు చూపించమనండి.’ కరోనా వరుసలు తీసేశారు, బల్ల అక్కడే ఉంది. కాగితం చిరిగిపోయినప్పుడల్లా మాలో ఎవరో ఒకరు కొత్తది రాసి అతికిస్తున్నాం.