కొత్త కస్టమ్ రైఫిల్ యాక్యురసీ ఎలా టెస్ట్ చేశారు? (6.5 క్రీడ్‌మోర్, టెక్సాస్)

గోదారోడు_డాలస్:
అందరికీ నమస్తే అండి. నెలల తరబడి వెయిట్ చేశాక నా కస్టమ్ రైఫిల్ చేతికొచ్చింది. 6.5 క్రీడ్‌మోర్ తూటా రకం, రెమింగ్టన్ 700 ఫుట్‌ప్రింట్ యాక్షన్ (బోల్ట్ ఉండే భాగం), 26 అంగుళాల బార్ట్‌లైన్ బ్యారెల్, 1:8 ట్విస్ట్, అల్యూమినియం ఛాసీ (రైఫిల్ కూర్చునే చట్రం). గన్‌స్మిత్ తను కొట్టిన టెస్ట్ టార్గెట్ కూడా బాక్సులో పెట్టి పంపాడు, 100 గజాల్లో మూడు షాట్లు 0.38 అంగుళం, మూడూ ఒకే కన్నంలో దూరినట్టున్నాయి. నేను రేంజ్‌కి వెళ్ళి హార్నడీ 140 గ్రెయిన్ ఈఎల్‌డీ మ్యాచ్ తూటాలతో కొడితే మొదటి గ్రూప్ (దూరంగా పడిన రెండు కన్నాల మధ్య దూరం) 0.5, తర్వాతది 1.1, ఆ తర్వాత 0.8. హాఫ్ ఎంఓఏ (100 గజాల్లో సుమారు అర అంగుళం) గ్యారంటీ అని చెప్పి డబ్బులు బానే గుంజాడు మరి. వెనక్కి పంపేయమంటారా? మా ఆవిడైతే "ఇన్ని డాలర్లు పోసింది కాయితానికి కన్నాలు పెట్టి కొలుచుకోడానికా" అంటోంది, దానికి నా దగ్గర జవాబు లేదు గానీ మీరు దీనికి చెప్పండి ముందు.

ఓరుగల్లు_హ్యూస్టన్:
అన్నా ఆగు జెర. పంపుడు గింపుడు తర్వాత సంగతి. మూడు షాట్లకి ఏం తెల్వది. ఆయన కొట్టిన మూడుకీ తెల్వది, నువ్వు కొట్టిన మూడుకీ తెల్వది. ఆయన ఎన్ని టార్గెట్లు కొట్టి అండ్ల మంచిది ఏరి డబ్బల పెట్టిండో ఎవరికెరుక. ఇంకోటి, గ్యారంటీ కాయితం మీద చిన్నక్షరాలు చదివినవా? చానామంది "మా హ్యాండ్‌లోడ్ తోని, మా షూటర్ కొడితే" అని రాస్తరు, హ్యాండ్‌లోడ్ అంటె వాళ్ళే నింపుకున్న తూటాలు.

బెజవాడ_బాబాయ్:
తమ్ముడూ, "ఆడలేక మద్దెల ఓడు" అని నిన్ననట్లేదు గానీ మద్దెల నిజంగా ఓడో కాదో చూడ్డానికి ఓ వరస ఉంది, బుల్లెట్లు తగలెయ్యక ముందే ఇంట్లో కూర్చుని చేసేది. టార్క్ రెంచ్ తీసుకో, యాక్షన్ స్క్రూలు ముందు చూడు, అల్యూమినియం ఛాసీకి మామూలుగా 65 ఇంచ్ పౌండ్లు చెప్తారు, నీ ఛాసీ వాడు ఏం చెప్పాడో అదే పెట్టు. తర్వాత స్కోప్ బేస్, తర్వాత రింగులు. రింగ్ క్యాప్ స్క్రూలు 15, 18 దగ్గర ఆగాలి, ఎక్కువ బిగిస్తే స్కోప్ ట్యూబే నొక్కుకుపోతుంది. అన్నీ అయ్యాక ప్రతి స్క్రూ తల మీంచి పక్క లోహం మీదకి పెయింట్ పెన్నుతో సన్న గీత గీసి వదిలెయ్, రేంజ్‌లో గీత తెగి కనపడిందంటే స్క్రూ తిరిగిందన్నమాట, మళ్ళీ అనుమానం పెట్టుకోనక్కర్లేదు.

ఇక బెంచ్ మీద కూర్చున్నాక పారలాక్స్. రైఫిల్ బ్యాగుల మీద కదలకుండా పెట్టి, ముట్టుకోకుండా, స్కోప్ లోంచి చూస్తూ తల కొంచెం అటూ ఇటూ జరుపు. టార్గెట్ మీద రెటికిల్ (స్కోప్ లోపలి గురి గీతలు) ఈదుతున్నట్టు కనపడితే పారలాక్స్ నాబ్ తిప్పుతూ పో, ఈత ఆగేదాకా. నాబ్ మీద 100 అని రాసుంది కదా అని నమ్మకు, ఆ అంకె ఉజ్జాయింపు. బైపాడ్ కాళ్ళ మీద ప్రతిసారీ ఒకే బరువు వెయ్యాలి, వెనక బ్యాగ్ ఒకే చోట ఉండాలి, చెంప కూడా ఒకే చోట ఆనించాలి. గ్రూపులు పైకీ కిందికీ సాగుతున్నాయంటే 100 గజాల్లో ముందు ఆ వెనక బ్యాగునే అనుమానించు.

గోదారోడు_డాలస్:
థాంక్స్ బాబాయ్ గారూ. స్క్రూలన్నీ చూశాను, కరెక్ట్‌గానే ఉన్నాయి, గీతలు కూడా గీశాను. హెడ్‌స్పేస్ (ఛాంబర్‌లో తూటా కూర్చునే కొలత) గన్‌స్మిత్ గో, నో గో గేజ్‌లతో చూసి సర్టిఫికెట్ ఇచ్చాడు. మరి ఎన్ని షాట్లు కొడితే నమ్మొచ్చు?

సీమ_సిగ్మా:
దీనికి లెక్క ఉంది. పొద్దంతా డేటా చూసే ఉద్యోగం నాది కాబట్టి కొంచెం సాగదీస్తా, ఓపికుంటే చదువుకోండి.

గ్రూప్ సైజ్ అని మనం కొలిచేది ఏంది, దూరంగా ఉన్న రెండు కన్నాల మధ్య దూరం. అంటే మూడు షాట్లు కొట్టినా పది కొట్టినా రెండు కన్నాలే లెక్కలోకి వస్తాయి, మిగతావి కొట్టి కూడా దండగ. పైగా షాట్లు పెరిగేకొద్దీ గ్రూప్ పెరుగుతుంది, రైఫిల్ చెడిపోయి కాదు, లెక్క ప్రకారం. యావరేజ్‌న మూడు షాట్లకి 0.6 అంగుళం ఇచ్చే రైఫిల్ ఉందనుకో, అదే రైఫిల్ అయిదు షాట్లకి దాదాపు 0.76, పది షాట్లకి 0.95 ఇస్తుంది. ఏమీ మారలేదు, అదే రైఫిల్, అదే బుల్లెట్, అదే మనిషి. అందుకే ఫోరమ్‌లో ఒకడు "నాది హాఫ్ ఎంఓఏ" అంటే ఎన్ని షాట్లకి అబ్బా అని అడగాల ముందు.

ఇంకా అసలు విషయం ఏందంటే ఆ 0.6 రైఫిలే మూడు షాట్ల గ్రూపుల్లో ఒకసారి 0.3 ఇస్తుంది, ఇంకోసారి 1 అంగుళం ఇస్తుంది, రెండూ మామూలే. మీ స్మిత్ 0.38, మీ 0.5, 1.1, 0.8 అన్నీ ఒకే రైఫిల్ నుంచి వచ్చేవే, వాటిలో గొడవేమీ నాకు కనపడలా. బ్యారెల్ మీద తప్పుందని చెప్పడానికి ఆ నాలుగు అంకెలు చాలవు, లేదని చెప్పడానికీ చాలవు.

చేయాల్సింది ఏందంటే, ఒకే ఆమో (తూటాలు), అయిదేసి షాట్లతో నాలుగు గ్రూపులు, నాలుగు వేరే చుక్కల మీద. మధ్యలో బ్యారెల్ చల్లారనివ్వాల. తర్వాత నాలుగింటినీ గురిపెట్టిన చుక్క ఆధారంగా ఒకదాని మీద ఒకటి పేర్చితే ఇరవై కన్నాల బొమ్మ వస్తుంది. దాని నడిమధ్య పాయింట్ కనుక్కొని అక్కడ నుంచి ప్రతి కన్నానికి దూరం కొలిచి యావరేజ్ తీస్తే అది మీన్ రేడియస్. దీంట్లో ఇరవై కన్నాలూ లెక్కలోకొస్తాయి. ఫోన్‌లో ఫోటో తీస్తే లెక్కకట్టే యాప్‌లు ఉన్నాయి, స్కేలు పట్టుకుని కూర్చోనక్కర్లా. ఫ్లయర్ (మిగతావాటికి దూరంగా పడిన షాట్) పోయిందని కన్నం తీసేయడం మాత్రం చేయొద్దు, ట్రిగ్గర్ నొక్కకముందే "ఇది పోతుంది" అని అనుకున్నది తప్ప.

మిషిగన్_మామ:
ఇంత లెక్క ఎందుకు సార్. నేను జింకలకి వెళ్తా, నాకు కావాల్సింది చల్లగా ఉన్న బ్యారెల్ లోంచి వెళ్ళే మొదటి షాట్, రెండోదానికి జింక ఉండదు అక్కడ. మూడు షాట్లు అరచెయ్యంత జాగాలో పడితే చాలు అని నా అభిప్రాయం. ఇరవై షాట్లంటే ఇవాళ్టి రేట్లకి చేతి చమురు వదులుతుంది.

సీమ_సిగ్మా:
మామా మీ పనికి అది కరెక్టే. కాకపోతే మీరు కూడా వెళ్ళిన ప్రతిసారి మొదటి షాట్ ఒకే కాయితం మీద కొట్టి ఆ కాయితం దాచిపెట్టండి, సీజన్ అయ్యేసరికి మీ కోల్డ్ బోర్ గ్రూప్ తయారవుతుంది, ఖర్చు లేకుండా. చానామందికి అది వేడి గ్రూప్ కన్నా కొంచెం పక్కకి ఉంటుంది, ఆ పక్క ఏదో తెలిస్తే చాలు కదా మీకు.

మిషిగన్_మామ:
ఇది బాగుంది, చేస్తా.

ఓరుగల్లు_హ్యూస్టన్:
సిగ్మా అన్న చెప్పినదాంట్ల ఎదురు మాట లేదు. ఒక్కటి కలుపుత. ఇక్కడ ఎండల బ్యారెల్ కాలుతాంటది, రేంజ్ ఆఫీసర్ సీజ్ ఫైర్ అనంగనే బోల్ట్ తెరిచి తూటా బయటికి తీయాలె, అది రూలు, తీస్తం. గని రేంజ్ హాట్ అయినంక, అంటె మళ్ళ కొట్టనిచ్చినంక కూడా కొందరు తూటాను కాలే ఛాంబర్ల పెట్టుకొని గాలి కోసం చూసుకుంట కూసుంటరు. పౌడర్ ఉడికి వెలాసిటీ పెరుగుతది, ఆ షాట్ దూరం కొట్టేకాడ పైకి పోతది, ఇగ బ్యారెల్‌ని తిట్టుడు మొదలు. తూటా ఛాంబర్ల పెట్టినంక కొట్టాలె, లేకుంటే తీయాలె. ఆమో డబ్బ నీడల పెట్టు, కార్ డాష్‌బోర్డ్ మీద కాదు. సప్రెసర్ (మోత తగ్గించే గొట్టం) ఉంటే దాని మీద కవర్ ఎయ్యి, లేకపోతే వేడికి స్కోప్ ముందట గాలి ఈదుతది, గురి ఏడ పెడుతున్నవో నీకే తెల్వది.

గోదారోడు_డాలస్:
క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచేది) కూడా కొనాలా? గార్మిన్ జీరో అని అందరూ దాని గురించే చెప్తున్నారు.

బెజవాడ_బాబాయ్:
100 గజాల్లో గ్రూప్ చూడ్డానికి అక్కర్లేదు, దూరం వెళ్ళేవాడివైతే కావాలి. షాట్‌కీ షాట్‌కీ సెకనుకి 20 అడుగుల తేడా ఉంటే 100 దగ్గర కంటికి ఆనదు, అదే 1000 గజాల దగ్గర నీ కాలిబర్‌కి అయిదారు అంగుళాలు పైకో కిందికో పోతుంది. ఆ గార్మిన్ బెంచ్ మీద పక్కన పెడితే చాలు, బ్యారెల్‌ని ముట్టుకోదు, అది దాని సుఖం. బ్యారెల్‌కి కట్టే రకం వాడితే మాత్రం వెలాసిటీ ఒక రోజు కొలువు, గ్రూప్ ఇంకో రోజు కొట్టు, బ్యారెల్ మూతి దగ్గర బరువు వేలాడితే షాట్లు పడే చోటే మారిపోతుంది. ఇంకో సంగతి, కొత్త బ్యారెల్ మొదటి వంద, రెండొందల షాట్లలో కొంచెం స్పీడ్ అందుకుంటుంది, కాబట్టి ఇప్పుడొచ్చిన వెలాసిటీని రాయి మీద చెక్కుకోకు.

గ్రూపుల గొడవలో అందరూ మర్చిపోయేది స్కోప్. రైఫిల్ ఎంత బాగున్నా స్కోప్ తిప్పినంత తిరక్కపోతే ఏం లాభం? టాల్ టార్గెట్ టెస్ట్ చెయ్యి. పొడవాటి అట్ట మీద తూకం గుండు వేలాడదీసి నిలువు గీత గియ్యి, సరిగ్గా 100 గజాలు టేపుతోనో లేజర్ తోనో కొలిచి నిలబెట్టు. కింద చుక్క మీద కొట్టు, స్కోప్ 10 మిల్స్ (కోణం కొలత, ఒక్కోటి 100 గజాల్లో 3.6 అంగుళాలు) పైకి తిప్పి అదే చుక్క మీద గురిపెట్టి మళ్ళీ కొట్టు. రెండు గ్రూపుల నడిమధ్య పాయింట్లకి మధ్య దూరం 36 అంగుళాలుండాలి. 35.3 వచ్చిందనుకో, రెండు శాతం తక్కువ తిరుగుతోంది, 1000 గజాలకి ఎనిమిది మిల్స్ పైన తిప్పేవాడివి, అక్కడ ఆరంగుళాలు కిందకి పడుతుంది. అప్పుడు బాలిస్టిక్ యాప్‌లో ఆ కరెక్షన్ ఎక్కిస్తే సరి. పై గ్రూప్ గీతకి పక్కగా పడితే స్కోప్ వంకరగా బిగించావన్నమాట.

తెనాలి_కుర్రాడు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నేను హెచ్‌1బి మీద ఉన్నాను, ఫ్రెండ్స్ తో రేంజ్‌కి వెళ్ళి రెంట్ తీసుకుని కాల్చొచ్చా? కొనకపోతే పర్లేదు అంటున్నారు కొందరు.

బెజవాడ_బాబాయ్:
బాబూ ఆ "కొందరి" మాట వినకు. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోడానికి కూడా వీల్లేదు, రేంజ్‌లో చేతిలో పట్టుకున్నా అదే లెక్కలోకి వస్తుంది. దానికి మినహాయింపులు ఉన్నాయి, మనవాళ్ళు ఎక్కువగా వాడుకునేది ఏదో ఒక స్టేట్ ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. గ్రీన్ కార్డ్ వాళ్ళకి ఈ బాధ లేదు. ఇమిగ్రేషన్ ఫైల్ ముఖ్యం నీకు, ముందు లాయర్ని అడుగు, తర్వాతే రేంజ్.

తెనాలి_కుర్రాడు:
అమ్మో, మంచిపని చేశా అడిగి. థాంక్యూ అండి.

గచ్చిబౌలి_ప్రోన్:
హైదరాబాద్ నుంచి. మాకు ఈ 1000 గజాల వైభోగాలు లేవు, .22 తోని 50 మీటర్లు. అయినా రైఫిల్ కొత్తగా వస్తే మేము టెస్ట్ చేసేది రైఫిల్ కన్నా ఆమో లాట్‌ని (ఒకే విడతల తయారైన తూటాలు). ఒకే ఈలీ టెనెక్స్ తూటా, ఒకే రంగు డబ్బా, లాట్ నంబర్ మారితే నీ బ్యారెల్‌ల వేరే తీరు పోతది. 50 మీటర్ల టార్గెట్‌ల పది రింగ్ 10.4 మిల్లీమీటర్లు, తూటానే 5.6 ఉంటది, ఎంత జాగా ఉందో చూడుండ్రి. యూరప్‌ల కంపెనీల టెస్ట్ రేంజ్‌లు ఉన్నయి, మనిషి భుజం లేకుండ రైఫిల్‌ని క్లాంప్‌ల బిగించి ఒక్కో లాట్ పది పది షాట్లు కొట్టి చూపిస్తరు, నచ్చిన లాట్ మొత్తం కొనుక్కొని రావచ్చు. మాకు చానాసార్లు ఇంపోర్ట్ అయి వచ్చినదాంట్లకెల్లే ఏరుకోవాలె. మీకు అసుంటి ఇబ్బంది లేదు కదా, రెండు మూడు లాట్లు తెచ్చి పోల్చి చూడుండ్రి.

మిషిగన్_మామ:
గగన్ నారంగ్ ఒలింపిక్స్ మెడల్ కొట్టింది కూడా ఈ 50 మీటర్లలోనేనా?

గచ్చిబౌలి_ప్రోన్:
కాదు మామా, 2012 లండన్‌ల కంచు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌ల. అండ్ల పది అంటే అర మిల్లీమీటర్ చుక్క. మేము దాని గురించి మాట్లాడితే మీ 0.38 అంగుళం పెద్ద బొక్క అనిపిస్తది, ఊకే అన్న ఏమనుకోకుండ్రి 😄

గోదారోడు_డాలస్:
అప్‌డేట్ ఇస్తున్నా. సిగ్మా గారు చెప్పినట్టే చేశాను, పొద్దున్నే గాలి లేవకముందు, ప్రతి గ్రూప్ తర్వాత బ్యారెల్ మీద చెయ్యి ఆనిస్తే ఓర్చుకోగలిగేదాకా ఆగి. 140 ఈఎల్‌డీ మ్యాచ్ ఇరవై షాట్లు పేరిస్తే మీన్ రేడియస్ 0.32 అంగుళం, మొత్తం గ్రూప్ 1.2. ఇంకో కంపెనీ 130 గ్రెయిన్ మ్యాచ్ ఆమో కూడా తీసుకెళ్ళా, దానికి మీన్ రేడియస్ 0.47, మొత్తం 1.7. తమాషా ఏంటంటే ఆ రెండో ఆమో తోనే ఆ రోజు అన్నిటికన్నా చిన్న గ్రూప్ పడింది, అదొక్కటే చూసి ఇంటికొచ్చేస్తే ఇదే నా ఆమో అని కేసు కేసు కొనేసేవాడిని. టాల్ టార్గెట్ 36కి 35.9 వచ్చింది, మూడు షాట్లే కొట్టా కాబట్టి స్కోప్ బానే ఉందనుకుంటున్నా.

సీమ_సిగ్మా:
0.32 అంటే మూడు షాట్ల గ్రూపులు యావరేజ్‌న 0.62 దగ్గర వస్తాయి. మీ స్మిత్ 0.38 అబద్ధం కాదు, బాగా పడిన రోజు. ఇంకా ఇందులో మీ చెయ్యి వంతు కూడా కలిసుంది, రైఫిల్ ఒక్కదానిదే తీస్తే ఇంతకన్నా తక్కువే. నేనైతే పంపను.

ఓరుగల్లు_హ్యూస్టన్:
గ్యారంటీ కాయితం ఏమన్నదన్నా మరి?

గోదారోడు_డాలస్:
నువ్వన్నదే తమ్ముడూ, "మా హ్యాండ్‌లోడ్, మూడు షాట్లు" అని కింద సన్నగా ఉంది. పంపట్లేదు, ఉంచుకుంటున్నా. 140 అదే లాట్ ఇంకో రెండు కేసులు ఉన్నాయా అని షాపుకి ఫోన్ చేశా, ఒక్కటే ఉందట, పక్కన పెట్టమన్నా.

బెజవాడ_బాబాయ్:
మంచిది. దూరం వెళ్ళేటప్పుడు మాత్రం ఈ 0.32 పట్టుకుని కూర్చోకు, 1000 గజాల దగ్గర గాలిని గంటకి ఒక్క మైలు తప్పు చదివావంటే ఆరేడు అంగుళాలు పక్కకి పోతావ్. ఈ సారి డబ్బులు మిగిలితే బ్యారెల్ మీద కాకుండా గాలి చదవడం నేర్పే క్లాస్ మీద పెట్టు. డాలస్ వైపు దొరుకుతాయి, నేను మెసేజ్‌లో చెప్తా.

తెనాలి_కుర్రాడు:
బాబాయ్ గారూ, ఆ మెసేజ్ నాకూ పెట్టండి, లాయర్ ఓకే అన్నాక పనికొస్తుంది.