ఉగాది రోజు రక్తహీనత టేబుల్: ఎవరు కూర్చుంటారు?

అనంతపురం అక్క:
డల్లాస్ ఉగాది సంబరాల్లో గర్భిణుల రక్తహీనత గురించి చెప్పడానికి మనకు భోజనాల హాలు పక్కన టేబుల్ ఖాయమైంది. పోయిన మీటింగ్‌లో చాలామంది, "ఊర్లో గర్భిణులకు ఐరన్ మాత్రల కోసం డబ్బు పంపుదాం" అన్నారు. నాకు అది సరిగ్గా అనిపించడం లేదు. మాత్రలు సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు. కాన్పయ్యాక ఇంకో 180 రోజులు.

మా చెల్లెలి ఇంట్లో ఆ మాత్రల షీట్లు గూట్లో అట్లే పడి ఉన్నాయి. వేసుకుంటే వికారం. దానికి తోడు, మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని వాళ్ల అత్తగారి భయం. నల్లబడేది మలం, బిడ్డ కాదు. ఆ ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేక మానేసింది. ఏడో నెలలో హిమోగ్లోబిన్ 8.2. కనీసం 11 ఉండాలి. పాప నెలలు నిండకముందే, రెండు కిలోలు కూడా లేకుండా పుట్టింది. అందుకు రక్తం తక్కువ కావడమే కారణమని ఖాయంగా చెప్పలేను. కానీ రక్తహీనత ఉంటే ఆ రెండు ప్రమాదాలూ పెరుగుతాయి.

కడప తమ్ముడు (వంటలు):
అక్కా, మెనూలో సంగటి, గోంగూర పప్పు ఉన్నాయి. వాటి పక్కన 'ఐరన్ ఉన్న వంటలు' అని బోర్డు పెడదామా?

అనంతపురం అక్క:
పెట్టు నాయనా, కానీ తిండితోనే సరిపోతుందని మాత్రం రాయొద్దు. గర్భం మొత్తానికి దాదాపు 1000 మిల్లీగ్రాముల ఇనుము అదనంగా కావాలి. ఆకుకూరల్లోది ఒంటికి పట్టేది తక్కువే. నిమ్మకాయ ముక్కలు ఎక్కువ పెట్టించు, పులుపుతో బాగా పడుతుంది. టీ కౌంటర్ భోజనాలైన గంటకు తెరువు. అన్నం మీద టీ తాగితే ఇనుము సరిగ్గా పట్టదు.

కర్నూలు వదిన (నర్సు):
బిడ్డ సంగతి నేను చెప్తాను. కడుపులో ఉన్న చివరి మూడు నెలల్లోనే బిడ్డ ఎక్కువ ఇనుము దాచుకుంటుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ కాబట్టి పుట్టాక మొదటి నెలలు ఆ నిల్వతోనే గడవాలి. అది చాలకపోతే మెదడు ఎదుగుదల మీద దెబ్బ పడుతుంది. ఇంకొకటి, బలపాలు, మట్టి తినాలనిపిస్తుంటే వేవిళ్ల కోరికలే అని వదిలేయకుండా రక్తపరీక్ష చేయించాలి. ఐరన్, కాల్షియం మాత్రలు ఒకేసారి వేసుకోవద్దని కూడా రాయండి.

అనంతపురం అక్క:
మంచిది వదినా. నా ఆలోచన ఒకటే. కూతురి కాన్పుకని ఊరి నుంచి వచ్చిన అమ్మలు, అత్తలు ఆ రోజు చాలామంది వస్తారు. ఇక్కడా, ఊర్లోనూ ఇంట్లో మాట చెల్లేది వాళ్లదే. కాబట్టి డబ్బాలు పెట్టి చందాలు అడగొద్దు, వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడదాం. ఊర్లో ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు ఉంటాయని చీటీ మీద రాసిస్తే, ఆ రాత్రే కోడలికి ఫోన్ చేస్తారు.

టేబుల్ దగ్గర నాతోపాటు ఇద్దరు పెద్దావిడలు కావాలి. మీ అమ్మగారిని అడిగి శుక్రవారంలోపు ఇక్కడే చెప్పండి.