‘సిమెంటు రోడ్డు’ అనడం తప్పా? సిమెంటు వేరు, కాంక్రీటు వేరు అన్న వాదంపై చర్చ

నుడి: ఊళ్ళో అందరూ సిమెంటు రోడ్డనే అంటారు. ఇంజనీర్లేమో అది కాంక్రీటు రోడ్డని దిద్దుతారు. వినేవాళ్ళకు అర్థమవుతుంటే ఆ దిద్దుబాటు ఎందుకు?

పునాది: సిమెంటు బస్తాలో వచ్చే పొడి. దానికి ఇసుక, కంకర, నీళ్ళు కలిపితే కాంక్రీటు. ఎం20 అనే రకం కాంక్రీటుకు సిమెంటు 1, ఇసుక 1.5, కంకర 3 పాళ్ళు. మజ్జిగ పులుసును మజ్జిగ అనం కదా.

నుడి: తారు రోడ్డులో కూడా ఎక్కువుండేది కంకరే. అయినా తారు రోడ్డంటాం. పట్టి ఉంచే సరుకు పేరుతో పిలవడం మన వాడుక. సిమెంటు రోడ్డూ అంతే.

పునాది: ఈ మాట న్యాయమే. రోడ్డు పేరు వరకు నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ‘53 గ్రేడ్ వేశాం, స్లాబుకు ఢోకా లేదు’ అనే చోట ఒప్పుకోను. ఆ 53 సిమెంటుది. 1 పాలు సిమెంటు, 3 పాళ్ళు ప్రామాణిక ఇసుకతో 7.06 సెంటీమీటర్ల ఘనాలు పోసి, 28 రోజులకు నొక్కి చూస్తే చదరపు మిల్లీమీటరుకు 53 న్యూటన్లు తట్టుకోవాలి. ఎం20లో 20 కాంక్రీటు బలానిది, అదే కొలతలో. దాన్ని 15 సెంటీమీటర్ల ఘనంతో చూస్తారు. బస్తా మీది అంకె స్లాబుకు రాదు. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఎం20 నామినల్ మిక్సుకు, అంటే ముందే ఖాయమైన పాళ్ళతో కలిపే కాంక్రీటుకు, 50 కిలోల బస్తాకు నీళ్ళు 30 లీటర్లు దాటకూడదు, తడి ఇసుకలో ఉన్న నీళ్ళతో కలిపి. మాలు జారుగా రావాలని ఇంకో బకెట్టు పోస్తే, ఎంత మంచి సిమెంటైనా ఆ 20 రాదు. ఎక్కువైన నీళ్ళు ఆవిరైన చోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి.

తాపీపని: మూడోది మర్చిపోయారు. కంకర లేకుండా సిమెంటు, ఇసుక కలిపితే ప్లాస్టరింగు మాలు. మూడింటికీ ‘సిమెంటు’ అనే ఒక్క మాట వాడితే పనిలో పొరపాటు జరుగుతుంది. సెంట్రింగు విప్పాక స్తంభంలో కంకర బయటపడి తేనెపట్టులా కనిపిస్తే, ‘సిమెంటు పూసెయ్’ అంటారు. పైన మాలు పూస్తే లోపలి గుల్ల అలాగే ఉంటుంది. ముందు వదులు కంకర గట్టి భాగం తగిలేదాకా చెక్కి తీయాలి.

నుడి: మరి ‘సిమెంటు ఆరింది’ అనొచ్చా?

పునాది: అది ఇంకా నష్టం. సిమెంటు ఆరి గట్టిపడదు, నీళ్ళతో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. ఆరాలి అనుకుని వదిలేస్తే బలం అక్కడే ఆగిపోతుంది. ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) అయితే కనీసం 7 రోజులు, పీపీసీ (బూడిద లాంటి పోజోలానా కలిపిన సిమెంటు) అయితే 10 రోజులు నీళ్ళు పట్టాలి.