సమ్మెలు చేయించిన పాస్టర్ గురించి యూత్ మీటింగ్‌లో ఎలా చెప్పాలి? (జేమ్స్ లాసన్)

తెనాలి_సండేస్కూల్:
అందరికీ వందనాలు. మా సంఘంలో వచ్చే నెల యూత్ మీటింగ్‌లో నాకు అరగంట ఇచ్చారు. జేమ్స్ లాసన్ గురించి చెబుదామనుకుంటున్నాను. తెలియనివాళ్ల కోసం: అమెరికాలో మెథడిస్టు పాస్టర్, నల్లవాళ్ల హక్కుల ఉద్యమంలో మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి పనిచేసినాయన, 2024 జూన్‌లో 95 ఏళ్ల వయసులో లాస్ ఏంజిల్స్‌లో చనిపోయారు. మన దేశంలో కూడా కొన్నేళ్లు ఉన్నారు, 1953 నుంచి 56 దాకా నాగపూర్ హిస్లాప్ కాలేజీలో.

ఈ పేరు చెప్పగానే సంఘ పెద్దల్లో ఒకాయన "సమ్మెలు చేయించే పాస్టర్ సంగతి మన పిల్లలకెందుకమ్మా, వాక్యం చెప్పు చాలు" అన్నారు. వద్దని అయితే అనలేదు, మొహం మాత్రం అదోలా పెట్టారు. నిజం చెప్పాలంటే నాక్కూడా లోపల ఒక ప్రశ్న ఉంది. ఆదివారం ప్రసంగం, మిగతా రోజుల్లో పాఠాలు, మధ్య మధ్యలో అరెస్టులు, ఇదంతా ఒకే మనిషి చేస్తుంటే అందులో భక్తి ఎంత, రాజకీయం ఎంత అని ఎవరైనా పిల్లాడు లేచి అడిగితే ఏం చెప్పను? వచ్చేది ఇంటర్, డిగ్రీ పిల్లలు. పుట్టిన ఊరు, తేదీ దగ్గర మొదలుపెడితే రెండు నిమిషాల్లో ఫోన్లు బయటికొస్తాయి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

చరిత్ర_పిచ్చోడు:
టీచర్ గారూ, అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ ఊరి చర్చి బేస్‌మెంట్ దగ్గర మొదలుపెట్టండి. పుట్టుక, చదువు తర్వాత చూసుకోవచ్చు.

1958లో లాసన్ నాష్‌విల్ వచ్చి వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో దైవశాస్త్రం చదువుతూ, ఊళ్లో కాలేజీ పిల్లల్ని పోగేసి క్లార్క్ మెమోరియల్ చర్చి బేస్‌మెంట్‌లో అహింస మీద క్లాసులు పెట్టారు. గాంధీ, కొండమీది ప్రసంగం, అమెరికా రచయిత థోరో, పాత కాలపు చైనా తత్వవేత్త లావో త్జు, అన్నీ చదివించేవారు. చదువు అయ్యాక అసలు ప్రాక్టీసు. సగం మంది హోటల్ కౌంటర్ దగ్గర కూర్చున్న విద్యార్థులు, మిగతా సగం వాళ్ల మీదికొచ్చే రౌడీలు. నోటికొచ్చిన తిట్లు తిట్టడం, జుట్టు పట్టి లాగడం, కుర్చీలోంచి తోసేయడం, మొహం మీద సిగరెట్ పొగ వదలడం. కూర్చున్నవాళ్లు తిరిగి కొట్టకూడదు, తిట్టకూడదు, పారిపోకూడదు. ఆ తర్వాత పాత్రలు మార్చుకోవాలి. ఆ క్లాసులో కూర్చుని, తర్వాత ఉద్యమ నాయకులైన జాన్ లూయిస్, డయాన్ నాష్, బెర్నార్డ్ లఫాయెట్ అప్పటికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న పిల్లలే. అంటే మీ యూత్ మీటింగ్ వయసే.

1960 ఫిబ్రవరి 13న వీళ్లు ఊరి మధ్య షాపుల్లో తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే లంచ్ కౌంటర్ల దగ్గరికెళ్లి కూర్చున్నారు. పిల్లలు తమకు తాము రాసుకున్న రూల్సు కూడా ఉన్నాయి: నిటారుగా కూర్చో, కౌంటర్ వైపే చూడు, పెద్దగా నవ్వకు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ చెప్పినట్టు ఉంటాయి చదువుతుంటే. అరెస్టులయ్యాయి, ఏప్రిల్‌లో వాళ్ల లాయర్ ఇంటి మీద బాంబు వేశారు, ఆ రోజే వేలమంది మేయర్ ఆఫీసుకు నడిచారు. మే 10 నుంచి ఆ కౌంటర్లు అందరికీ తెరిచారు. ఈలోపు వాండర్‌బిల్ట్ వాళ్లు లాసన్‌ను కాలేజీ నుంచి తీసేశారు. ఎన్నో ఏళ్ల తర్వాత వాళ్లే ప్రొఫెసర్‌గా పిలిచి పాఠాలు చెప్పించుకున్నారు లెండి.

భక్తి ఎంత, రాజకీయం ఎంత అన్నదానికి ఒక సంగతి చెప్పండి చాలు. అలా కౌంటర్ల దగ్గర కూర్చుని నిరసన తెలిపే ఆ సిట్-ఇన్ల రోజుల్లో ఒక తెల్ల కుర్రాడు లాసన్ మీద ఉమ్మేశాడు. ఈయన నెమ్మదిగా "నీ దగ్గర జేబురుమాలు ఉందా?" అని అడిగారు. ఆ కుర్రాడు బిత్తరపోయి తీసి ఇచ్చేశాడు. తుడుచుకుని రుమాలు వెనక్కిచ్చి, నీకు మోటార్‌సైకిల్ ఉందా అని మాటల్లో పెట్టారు. ఇక బండి కబుర్లు. ఇది ప్రసంగమా, పాఠమా, ఉద్యమమా మీరే చెప్పండి. ఆయనకు ఇవి మూడు వేర్వేరు డ్యూటీలని నాకెప్పుడూ అనిపించలేదు. కొరియా యుద్ధమప్పుడు, కుర్రాళ్లను తప్పనిసరిగా సైన్యంలోకి పిలిచే రోజుల్లో, పాస్టర్ కోటాలో మినహాయింపు తీసుకుని హాయిగా ఉండే వీలున్నా, అది అడగకుండా సైన్యంలో చేరనని చెప్పి ఏడాదికి పైగా జైల్లో ఉన్న మనిషి. అప్పటికి కింగ్ ఎవరో కూడా ఆయనకు తెలియదు.

పల్లె_గొంతు:
అంతా బాగుంది గానీ అన్నా, దెబ్బలు తినడం ప్రాక్టీసు చేయాల్సింది ఎప్పుడూ కింద ఉన్నవాళ్లేనా? పై నుంచి కొట్టేవాడికి ఎవరూ క్లాసు పెట్టరు.

నాగపూర్ అన్నారు కదా, లాసన్ అక్కణ్నుంచి వెళ్లిన 1956లోనే, అక్టోబర్ 14న, అదే ఊళ్లో అంబేద్కర్ లక్షల మందితో బౌద్ధం తీసుకున్నారు. మన పల్లెల్లో ఏ ఇంట్లో చూసినా ఆయన ఫొటోనే ఉంటుంది, గాంధీది కాదు. గాంధీ మార్గం నేర్చుకున్న పాస్టర్ కథ మన పిల్లలకు చెప్పేటప్పుడు ఈ మాట దాటేస్తే వాళ్లు నమ్మరు. ఇంకోటి, ఎస్సీ క్రైస్తవులకు 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో ఎస్సీ హోదా పోయి బీసీ-సీలో 1 శాతం మిగిలిందని మన సంఘాల్లో అందరం బాధపడతాం, న్యాయమే. మరి అదే సంఘంలో పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి మాల, మాదిగ లెక్క ఎందుకొస్తుంది? ముందు అది మాట్లాడండి సిస్టర్, నాష్‌విల్ తర్వాత.

రిటైర్డ్_లెక్చరర్:
పల్లె_గొంతు గారి మాటలో పెళ్లి సంబంధాల ముక్క నూటికి నూరుపాళ్లు నిజం. కానీ దెబ్బలు తిని ఊరుకున్నారనడం సరికాదు బాబూ. నాష్‌విల్‌లో నల్లవాళ్లు ఈస్టర్ ముందు షాపులు బహిష్కరించారు, వ్యాపారుల జేబుకు తగిలాకే బేరం కుదిరింది.

నన్నడిగితే అదే రాష్ట్రంలోని మెంఫిస్ ఊరి సంగతి తప్పకుండా చెప్పాలి. 1968 ఫిబ్రవరి 1న వానకు చెత్త లారీ వెనకాల తలదాచుకున్న ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు ఆ లారీ యంత్రంలోనే నలిగి చనిపోయారు. సుమారు 1300 మంది, దాదాపు అందరూ నల్లవాళ్లే, సమ్మెకు దిగారు. లాసన్ అప్పుడు అక్కడ సెంటెనరీ మెథడిస్టు చర్చి పాస్టర్. సమ్మెకు అండగా ఊరి పాస్టర్లను కూడగట్టింది ఆయనే, కింగ్‌ను పిలిపించిందీ ఆయనే. కార్మికుల మెడలో అట్టల మీద ఉన్నది ఒకటే మాట, నేను మనిషిని. ఏప్రిల్ 4న కింగ్‌ను అక్కడే చంపారు, 16న ఒప్పందం కుదిరి యూనియన్‌కు గుర్తింపు వచ్చింది. మన మున్సిపాలిటీల్లో పొద్దున్నే చీపురు పట్టేది ఏ ఇళ్లవాళ్లో తెలిసిన పిల్లలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ఇళ్లవాళ్లు మీ సంఘంలోనూ ఉండే ఉంటారు, ఒకరిని మాట్లాడమని అడగండి.

తర్వాత 1974 నుంచి 99 దాకా లాస్ ఏంజిల్స్‌లో హోల్మన్ చర్చి పాస్టర్‌గా ఉంటూ హోటల్ కార్మికుల పక్షాన నిలబడ్డారు. రిటైరయ్యాక కూడా అక్కడి యూనివర్సిటీ యూసీఎల్ఏలో ఏళ్ల తరబడి అహింస మీద కోర్సు చెప్పారు. మీ పెద్దాయనకు ఇంకా మింగుడుపడని సంగతొకటుంది: స్వలింగ సంపర్కులకు చర్చిలో సమాన స్థానం ఇవ్వాలని 2000లో సొంత మెథడిస్టు మహాసభ దగ్గరే నిరసన చేసి అరెస్టయ్యారు. ఆ చర్చి వాళ్లు పాస్టర్లు కాకూడదన్న నిషేధాన్ని 2024 మేలో ఎత్తేసింది, ఈయన పోవడానికి నెల ముందు. కింగ్ హత్య కేసులో శిక్షపడ్డ జేమ్స్ ఎర్ల్ రేకు జైల్లో పెళ్లి జరిపించింది కూడా ఈయనే. రే నిర్దోషి అని ఆయన నమ్మకం, అది వేరే చర్చ.

తెనాలి_సండేస్కూల్:
చాలా థ్యాంక్స్ అండి అందరికీ. బేస్‌మెంట్‌తో మొదలుపెట్టి మెంఫిస్‌తో ఆపుతాను. అంబేద్కర్ మాట, పెళ్లి సంబంధాల మాట చివర్లో కాకుండా మధ్యలోనే తెస్తాను, చివరికి పెడితే ప్రార్థన చేసి లేచిపోతారు. పెద్దాయనతో 2000 నాటి సంగతి ముందే చెప్పేస్తా, మీటింగ్‌లో వింటే నా మీద పడతారు. ఒక్క డౌటు. ఆ రౌడీల ప్రాక్టీసు మా పిల్లల చేత చేయించొచ్చా?

చరిత్ర_పిచ్చోడు:
చేయించండి, కానీ తోపులాట వద్దు, మాటలు చాలు. నిజంగా మన ఊళ్లో తిట్టే కులం తిట్లు మాత్రం వాడనివ్వకండి, ఆట అని మొదలై ఇంటికెళ్లాక గొడవలవుతాయి. పాత్రలు మార్చడం మర్చిపోవద్దు. మొదట రౌడీ వేషానికి మీ సంఘంలో అందరికంటే నెమ్మదస్తుణ్ని నిలబెట్టండి.