వింటర్‌ల్యాండ్ కచేరీ బూట్‌లెగ్ ఎల్పీ: నా దగ్గరున్నది ఎప్పటి ప్రతి?

ప్రశ్న (మారేడ్‌పల్లి శ్రోత)

మిత్రులందరికీ నమస్కారం. సెక్స్ పిస్టల్స్ అనే ఇంగ్లండ్ పంక్ రాక్ బృందం 1978 జనవరి 14న శాన్‌ఫ్రాన్సిస్కోలోని వింటర్‌ల్యాండ్ హాలులో ఇచ్చిన కచేరీ బూట్‌లెగ్ (అనుమతి లేకుండా ఒత్తిన) రికార్డు ఒకటి, కాలిఫోర్నియాలో ఉంటున్న మా బావగారు అక్కడి పాత రికార్డుల సంతలో కొని నాకు తెచ్చిచ్చారు. తెల్లటి అట్ట మీద అంటించిన జిరాక్సు కాగితం తప్ప, కంపెనీ పేరు గానీ సంవత్సరం గానీ ఎక్కడా లేవు. ఇది 1978లోనే వచ్చిన తొలి ప్రతి అని అమ్మినాయన చెప్పారట. వింటూ ఉంటే పాటలు కాస్త తొందరపడుతున్నట్టూ, గొంతు సన్నబడినట్టూ అనిపిస్తోంది. ప్రతి వయసు తేల్చుకోవడానికి దేన్ని చూడాలి? ఇలాంటివి సేకరించడం చట్టరీత్యా తప్పవుతుందా?

సమాధానం (పాత సూది)

అయ్యా, ముందుగా అట్టను నమ్మడం మానండి. తెల్ల అట్ట, అంటించిన కాగితం అనేవి 1969లో బాబ్ డిలాన్ పాటలతో వచ్చిన తొలి రాక్ బూట్‌లెగ్ కాలం నుంచి ఉన్న పద్ధతే. దాన్ని ఈ రోజు ఎవరైనా ఇంట్లో కూర్చుని తయారుచేయగలరు. పాటలు అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే ఖాళీ జాగాను దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. అక్కడ చేత్తో గీసిన అంకెలుంటే వాటిని డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైటు జాబితాలోని ప్రతులతో పోల్చవచ్చు. అయితే పాత అచ్చులతోనే తర్వాత కూడా రికార్డులు ఒత్తే వీలుంది కనుక, అంకెలు కలిసినంత మాత్రాన సంవత్సరం ఖాయమైనట్టు కాదు.

ఈ కచేరీ విషయంలో ఇంకో చిక్కుంది. కేఎస్ఏఎన్ అనే ఎఫ్ఎం స్టేషన్ దాన్ని నేరుగా ప్రసారం చేసింది కాబట్టి, ఆ రాత్రి టేపు యంత్రం ఉన్నవారెవరైనా ఇంట్లోంచే రికార్డు చేసుకోగలిగారు. కాబట్టి ఎవరు ఒత్తారు, ఎప్పుడు ఒత్తారు అన్నదాని కంటే, ఆ టేపు ఎన్ని చేతులు మారి గాడిలోకి ఎక్కింది అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. మీరు విన్న ఆ తొందర, నకలు తీసిన యంత్రాల్లో ఏదో ఒకటి వేగం తప్పడం వల్ల వచ్చినదై ఉంటుంది. ముందు మీ ప్లేయర్ వేగాన్ని మరో రికార్డుతో సరిచూసుకోండి. 2025లో ఈ కచేరీ అధికారికంగానే విడుదలైంది. దానితో పక్కపక్కనే పెట్టి వింటే తేడా ఎంతో తెలిసిపోతుంది.

సమాధానం (చెవి ఒక్కటే సాక్ష్యం)

పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి కలుపుతాను. ఈ బృందం పేరుతో తిరిగే దొంగ రికార్డుల్లో కచేరీ కానివీ ఉన్నాయి: 1977లో వచ్చిన ‘స్పంక్’ పూర్తిగా స్టూడియోలో చేసిన నమూనా రికార్డింగులే. కచేరీలలోనూ కల్తీ జరిగింది. 1976 సెప్టెంబరు 17న చెమ్స్‌ఫర్డ్ జైలులో జరిగిన ప్రదర్శన తర్వాత ఒకసారి విడుదలైనప్పుడు, గాయకుడు జానీ రాటెన్‌ను అనుకరించే గొంతునూ, అల్లరి శబ్దాలనూ దానికి అతికించారు. అట్ట మీద ఈ బృందపు బేస్ గిటారిస్టు సిడ్ విషస్ బొమ్మ వేసి లోపల 1976 నాటి కచేరీ పెడితే, ఆ బొమ్మ అబద్ధమన్నమాటే. సిడ్ బృందంలో చేరింది 1977లో, అంతకు ముందు బేస్ వాయించినది గ్లెన్ మాట్‌లాక్.

సమాధానం (కోర్టు మెట్ల దగ్గర)

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇది వకీలు సలహా కాదు. అనుమతి లేని ప్రతులను అమ్మడం, వ్యాపారానికి పంచడం, దిగుమతి చేయడం మన 1957 కాపీరైట్ చట్టం 51వ సెక్షన్ కింద ఉల్లంఘనే. అయితే సొంతానికి ఒక్క ప్రతిని దిగుమతి చేసుకోవడాన్ని అదే సెక్షన్ మినహాయించింది. మీ బావగారు తెచ్చినది ఒకటే కాబట్టి నిశ్చింతగా ఉండండి, కానీ అమ్మకానికి మాత్రం పెట్టకండి. డిస్కాగ్స్ కూడా ఇలాంటి వాటిని జాబితాలో ఉంచుతుందే గానీ అమ్మనివ్వదు.

ప్రశ్న అడిగినవారు (మారేడ్‌పల్లి శ్రోత)

అందరికీ కృతజ్ఞతలు. దీపం కింద చూస్తే, ఒక వైపు అంకెలను ఎవరో గీరి చెరిపేసి, పక్కనే కొత్తవి చెక్కారు. ప్లేయర్ వేగం సరిగ్గానే ఉంది. అధికారిక విడుదలతో పోలిస్తే నా రికార్డులో ఒక్కొక్క పాట కొన్ని క్షణాల ముందే అయిపోతోంది. తొలి ప్రతి అన్న మాటను ఇక నమ్మడం లేదు. అయినా ఆ జిరాక్సు కాగితం ఊడిపోకుండా ప్లాస్టిక్ తొడుగు వేసి దాచాను.